'పిచ్చ హిట్టు' మాటేనా మాస్టారూ?

కరీంనగర్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు వుత్తరం రాసింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోందట. కాలేజీ గోడపత్రికకి 'బలగం' సినిమా మీద ఒక పేజీ వ్యాసం రాసిందట. అందులో ఒకచోట 'మస్తు సినిమా' అంది. ఇంకోచోట, ఇందులో 'సుత్తి కామెడీ' లేదంది. చివర్లో, చిన్న సినిమా అనుకున్నది కాస్తా 'పిచ్చ హిట్టు' అయి కూచుందని ముగించింది. తెలుగు మాస్టారు ఎర్రసిరా పెన్ను తీశారు. మస్తు, సుత్తి, పిచ్చ అన్న మూడింటికీ మూడు సున్నాలు చుట్టి, పక్కన 'ఇవి పదములు కావు' అని రాశారట. వ్యాసం గోడెక్కింది గాని ఆ మూడు మాటలూ ఎక్కలేదు. వాటి కుర్చీల్లో 'మంచి', 'విసుగు పుట్టించు', 'గొప్ప' అనేవి వచ్చి కూచున్నాయి.

ఆ అమ్మాయి నన్నడిగింది ఇదీ: "సార్, పిచ్చ సంగతి నాకు తెల్వదు. మస్తు అని మా నాయనమ్మ అంటది. అది మాటే కాకపోతే మా నాయనమ్మ ఇన్నేండ్లు మాట్లాడింది ఏంది?"

నవ్వుకుని పక్కన పెట్టేసే ప్రశ్న కాదిది. చూడండి, మాస్టారు 'ఇవి వ్యాసంలో బాగుండవు' అని రాసివుంటే పేచీ లేదు. 'ఇవి పదములు కావు' అన్నారు. అంటే నాయనమ్మ నోట్లోంచి వచ్చేది దగ్గో, తుమ్మో అన్నమాట. ఆ తీర్పుని అంత తేలిగ్గా వొప్పుకోబుద్ధి కాలేదు. పైగా మాటకింత అని లెక్కగట్టి డబ్బులిచ్చే వృత్తి నాది. ఏది మాటో ఏది కాదో తేలకపోతే నాకూ నష్టమే!

ముందు 'పిచ్చ'తో మొదలుపెడదాం. మూడింట్లోకీ పరువు తక్కువది అదే కాబట్టి.

'పిచ్చి' అని మనకి ఎప్పట్నించో ఒక మాట వుంది. పిచ్చి మొక్క, పిచ్చి రాతలు, పిచ్చి తల్లి. ఎవరో కుర్రాళ్ళు దాని చివర గుడిని తీసేసి 'పిచ్చ' చేశారు. ఎవరు చేశారో, ఏ హాస్టల్లో చేశారో చరిత్రకెక్కలేదు. ఇప్పుడు మీరే చెప్పండి: 'పిచ్చి హిట్టు', 'పిచ్చ హిట్టు' ఒకటేనా? కాదు. మొదటిదాంట్లో ఆ హిట్టుకి అర్థంపర్థం లేదంటున్నాం. రెండోదాంట్లో దానికి అంతూపొంతూ లేదంటున్నాం. ఒక్క గుడి తేడాతో తిట్టు పొగడ్త అయిపోయింది. 'పిచ్చ కామెడీ' అంటాం, 'పిచ్చ క్లారిటీ' అంటాం. కాని 'ఆ సినిమా పిచ్చ' అని వాక్యం ముగించండి చూద్దాం! ముగియదు. నాలుక వొప్పుకోదు. 'ఆ సినిమా పిచ్చ... ఏమిటి?' అని అవతలివాడు ఎదురుచూస్తాడు. మస్తు అలా కాదు, 'సినిమా మస్తుంది' అంటే పూర్తయిపోతుంది. సుత్తీ అంతే, 'సుత్తి సినిమా' అనొచ్చు, 'సినిమా సుత్తి' అనొచ్చు. పిచ్చకి మాత్రం పక్కన తోడు వుండాల్సిందే.

ఈ నియమం మీకు ఎవరు నేర్పారు? ఏ పుస్తకంలో చదివారు? ఎక్కడా చదవలేదు. అయినా ఎవడైనా తప్పుగా వాడితే 'వీడికి తెలుగు రాదురా' అని ఠక్కున పట్టేస్తారు. నా దృష్టిలో మాటకి ఇదే పరీక్ష. దాన్ని తప్పుగా వాడే వీలుందా? వుంటే అది మాటే. తప్పు అంటూ వుందంటే ఒప్పు అంటూ వున్నట్టేగా! ఒప్పు వుందంటే పదిమందీ కలిసి, చెప్పుకోకుండానే, ఒక కట్టుబాటు చేసుకున్నట్టేగా!

నమ్మకపోతే ఇంకో ప్రయోగం చేద్దాం. నేనిప్పుడు కూచుని 'గిరుబళమైన సినిమా' అంటున్నాను. 'మైన' తగిలించాను కాబట్టి అది విశేషణమని మీకు తెలుస్తుంది. కాని పొగిడానా, తిట్టానా? సినిమా పొడుగా, పొట్టా? నేను దాన్ని రేపు ఇంకో రకంగా వాడినా మీరు 'తప్పు' అనలేరు. అదీ మాట కాకపోవడమంటే. మాస్టారి ఎర్రసిరా దానిమీద ఖర్చుపెడితే నేనే సంతకం పెడతాను.

ఇక సుత్తి. ఈ మాటకి జన్మపత్రిక వుంది. జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' 1982లో వచ్చింది. అంతకుముందు సుత్తి అంటే కమ్మరి దగ్గరా కంసాలి దగ్గరా వుండే పనిముట్టే. ఆ సినిమాతో, వినేవాడి నెత్తిమీద ఠంగు ఠంగున మోగే మాటల ధోరణికి సుత్తి అని పేరు స్థిరపడిపోయింది. ఆ సినిమా చూసి హాల్లోంచి బయటికొచ్చిన జనం మర్నాటి నుంచీ దాన్ని మేనమామ మీదా, లెక్కల మాస్టారి మీదా, పక్కింటాయన మీదా ప్రయోగించారు. వీరభద్రరావు గారు సుత్తి వీరభద్రరావయ్యారు, వేలు గారు సుత్తి వేలయ్యారు. ఇంటిపేరు కన్నా గట్టిగా అతుక్కుంది! నలభై ఏళ్ళు దాటిపోయింది. ఈనాడు 'సుత్తి కొట్టకురా' అనే కుర్రాడు ఆ సినిమా చూసి వుండకపోవచ్చు. ఇనప సుత్తి చేత్తో పట్టుకుని కూడా వుండకపోవచ్చు. మాట మాత్రం వాడి దగ్గర భద్రంగా వుంది.

(మాటల్లో మాట. సినిమా పేరు మనిషి పేరుకి ముందొచ్చి విశేషణమైపోవడం మన పరిశ్రమకి పాత అలవాటే. 1950 నాటి 'షావుకారు'తో జానకి గారు షావుకారు జానకి అయ్యారు. 1967లో 'సాక్షి' వచ్చి సాక్షి రంగారావు గారినిచ్చింది. 1982లో శుభలేఖ సుధాకర్, 1986లో సిరివెన్నెల సీతారామశాస్త్రి, 1987లో ఆహుతి ప్రసాద్, 2002లో అల్లరి నరేష్, 2005లో వెన్నెల కిశోర్. ఒక నామవాచకాన్ని ఇంకో నామవాచకం ముందు నిలబెడితే చాలు, తెలుగులో అది విశేషణం పని చేసిపెడుతుంది. ఏ ప్రత్యయమూ అక్కర్లేదు. అంత సదుపాయం వున్న భాష కాబట్టే మనవాళ్ళు కొత్త విశేషణాలు ఇంత సులువుగా పుట్టిస్తారు.)

అసలు ఈ విషయంలో మనకి పెద్ద దిక్కు 'మాయాబజార్'. 1957 మార్చి 27న విడుదలైంది. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు గారు. అందులో ఘటోత్కచుడి కొలువులో రాక్షసులకి చదువు చెప్పే ఘట్టం గుర్తుందిగా? పలకలేని నోళ్ళతో అస్మదీయులు అనబోయి 'అసమదీయులు' అంటారు. మరి మనవాళ్ళు అసమదీయులైతే పగవాళ్ళేమవుతారు? 'తసమదీయులు'! గురువు మొహం చిట్లించే చోట ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు మురిసిపోతాడు. మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే కదా పుడతాయి అని సమర్థించి, శిష్యుడికి వీరతాడు వేయిస్తాడు.

నవ్వి వూరుకుంటాం గాని ఇందులో తమాషా చాలా లోతుగా వుంది. అస్మదీయ అనేది నికార్సయిన సంస్కృత విశేషణం, 'మాది అయిన' అని అర్థం. దానికి జోడు యుష్మదీయ, 'మీది అయిన'. వాడిది అయితే తదీయ. 'తస్మదీయ' అనేది సంస్కృత వ్యాకరణంలో ఎక్కడా లేదు. వుండదు కూడా. పింగళి గారికి అది తెలియక కాదు, తెలిసే రాక్షసుల నోట పెట్టారు. హాస్యమంతా అక్కడే వుంది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆ మాట రాక్షసుల బళ్ళోంచి లేచి, తెరమీంచి దిగి, పత్రికాఫీసుల్లో ప్రవేశించింది. పదవుల పంపకం జరిగినప్పుడల్లా 'అస్మదీయులకు అందలం, తస్మదీయులకు మొండిచెయ్యి' ధోరణిలో రాజకీయ వార్తలు మనం చదువుతూనే వున్నాం. పైగా గమనించారా, సినిమాలో 'తసమ' అని వున్నదాన్ని విలేకరులు 'తస్మ' అని దిద్దారు! లేని మాటకి వున్న మాటలాగా సంస్కృతపు వొత్తు పెట్టి, మడి కట్టించి, పీటమీద కూచోబెట్టారు. దాన్ని చదివి పండితులు కూడా అర్థం చేసుకుంటారు, విసుక్కోరు. నా పరీక్ష దీనికి పెట్టండి. సొంత బావమరిదికి కాంట్రాక్టు ఇప్పించినవాణ్ణి 'తస్మదీయులకు మేలు చేశాడు' అంటే ఎవరైనా తప్పు పడతారు. పాణిని లెక్కలో అపశబ్దం, తెలుగు లెక్కలో నిక్షేపంలాంటి మాట.

కాబట్టి ఎర్రసిరా పెన్నుకి నేను వేసే ప్రశ్న ఒక్కటే: తస్మదీయులకి లేని అడ్డు పిచ్చకెందుకు?

దీనికి జవాబు 'నిఘంటువులో లేదు గనక' అని వస్తుంది. మంచిది. ఏ నిఘంటువు? బహుజనపల్లి సీతారామాచార్యులు గారి 'శబ్దరత్నాకరం' 1885లో వచ్చింది. ఎంత గొప్ప గ్రంథమైనా అది కావ్యాల్లో కవులు వాడిన మాటల పెట్టె. అందులో చోటు దొరకాలంటే కవి నోట్లో పడాలి. అంతకుముందే, 1852లో, సి.పి. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన కవుల్ని చదివాడు, కచేరీ గుమాస్తాల మాటా విన్నాడు. అంతటితో వూరుకోక 1854లో 'మిశ్ర భాషా నిఘంటువు' అని విడిగా ఇంకోటి వేశాడు. తెలుగువాళ్ళు వాడుకునే ఉర్దూ, ఇంగ్లీషు వగైరా మాటలన్నీ అందులో చేర్చాడు. తెలుగులో కలిసిన పరాయి మాటలకి పుస్తకం అక్కర్లేదని ఆయన అనుకోలేదు.

ఇంకా దగ్గరికి రండి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు 1962లో 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం వేశారు. సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. విషయం వ్యవసాయం. జిల్లాల్లో తిరిగి, రైతుల్ని అడిగి, నాగలిలో ఏ ముక్కని ఏమంటారో, గడ్డివామిని ఏమంటారో రాసుకొచ్చి అచ్చు వేశారు. 1971లో చేనేత సంపుటం వచ్చింది. అక్కడ సాక్షి కవి కాదు, కాడి పట్టినవాడు, మగ్గం గుంటలో కాలు పెట్టినవాడు. వాడు అన్నాడు కాబట్టి అది మాట. భాషాశాస్త్రం చదువుకున్న పెద్దలు చేసిన పని ఇది, మనలాంటి ఆకతాయిలు చేసింది కాదు. సినిమా హాలు ముందు క్యూలో నిలబడ్డవాడి మాటలకి కూడా ఎవరైనా ఇలాంటి పుస్తకం వేస్తే మొదటి ప్రతి నేను కొంటాను.

నిఘంటువు మాటలు పుట్టే ప్రసూతి ఆస్పత్రి కాదండీ. జనాభా లెక్కల పుస్తకం. లెక్కలవాళ్ళు వచ్చిన రోజున మీరు వూళ్ళో లేకపోతే మీరు పుట్టలేదనా?

ఇప్పుడు మస్తు. మాస్టారు ఈ మాట మీద సున్నా చుట్టడమే నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగించింది. ఇది కుర్రకారు నిన్న మొన్న చేసింది కాదు. పారసీలో 'మస్త్' అంటే మత్తులో వున్న అని. దక్కన్లో తిరిగి తిరిగి తెలంగాణ ఇళ్ళలో 'చాలా', 'బాగా', 'గొప్ప' అనే అర్థాలతో స్థిరపడింది. మస్తు పైసలు, మస్తు మంది, మస్తు పని. పిచ్చనీ సుత్తినీ పక్కన పెట్టి దీన్ని కూడా అదే గాటన కట్టేశారంటే, మాస్టారు కొత్త మాటకీ తమకి అలవాటు లేని మాటకీ తేడా చూడలేదన్నమాట.

మన సినిమాకీ ఇందులో వాటా వుంది, దాచడం దేనికి? ఏళ్ళ తరబడి తెలుగు తెరమీద హీరో గారూ హీరోయిన్ గారూ ఒక రకం తెలుగు మాట్లాడారు. తెలంగాణ మాట రౌడీకీ, హాస్యగాడికీ వదిలారు. ఉత్తరాంధ్ర మాట వస్తే పనిమనిషి నోట, సీమ మాట వస్తే వేటకొడవలితో పాటు. 1980లో వచ్చిన 'మా భూమి' లాంటివి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2017లో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి నోట, అదీ కథానాయిక నోట, ఆ భాష వినబడేసరికి హాలంతా కేరింతలు కొట్టింది. సాయిపల్లవి తెలుగు పిల్ల కాదు, అయినా సొంత గొంతుతో చెప్పింది. 2023లో 'బలగం' అయితే చావింటి ఏడుపుని కూడా ఆ మాటల్లోనే చెప్పి అన్ని జిల్లాల వాళ్ళనీ ఏడిపించింది. ఆ సినిమా మీద రాసిన వ్యాసంలోంచే మస్తుని కొట్టేయడం! తెరమీద చప్పట్లు కొట్టి, కాగితం మీద కొట్టివేత.

ఒక్క విశేషణం ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. పద్యంలో 'అట్టి'. పాఠ్యపుస్తకంలో 'అటువంటి'. ఇంట్లో 'అలాంటి'. తెలంగాణలో 'అసొంటి', 'గసొంటి'. అన్నీ ఒకే తల్లి పిల్లలు. మొదటిదానికి కిరీటం, చివరిదానికి కొరడానా?

ఇదే మాట 'నాటు' విషయంలో తేలిపోయింది. నాటుకోడి, నాటువైద్యం, నాటుసారా, నాటుబాంబు. 'వాడొట్టి నాటు మనిషి' అంటే మర్యాద తెలియనివాడని. పట్నంలో దిగిన పల్లెటూరి కుర్రాణ్ణి అవమానించడానికి ఆ ఒక్క విశేషణం చాలు. చంద్రబోస్ గారు దాన్నే రెండుసార్లు చెప్పి పల్లవి చేశారు, కీరవాణి గారు దరువు కట్టారు. 2022లో 'ఆర్ ఆర్ ఆర్'తో వచ్చిన 'నాటు నాటు' 2023 మార్చిలో ఆస్కార్ పట్టుకొచ్చింది. ఆ రోజు నుంచీ 'మాది నాటు' అని చెప్పుకోవడం ఫ్యాషనైంది. తిట్టుని ఎదురు తిప్పి తలపాగాగా చుట్టుకోవడం అంటే అదీ. అర్థం కొత్తది కాదు, అభిమానం కొత్తది.

ఇంతకీ అర్థాలు తిరగబడ్డం మన దగ్గర వింత కాదు. ఖతర్నాక్ అంటే ప్రమాదకరమైన అని. 2006లో రవితేజ సినిమాకి పేరయ్యేనాటికి అది పొగడ్త. జబర్దస్తీ అంటే బలవంతం, దౌర్జన్యం. ఈటీవీలో 2013లో 'జబర్దస్త్' మొదలయ్యాక ఆ మాట వింటే పిల్లలకి నవ్వొస్తుంది. సంస్కృతం మాటలు మాత్రం మడిగా వున్నాయా? అమోఘం అంటే గురి తప్పనిది, వృథా కానిది. మనం 'భోజనం అమోఘం' అంటున్నాం. బ్రహ్మాండం అంటే విశ్వం మొత్తం. మనవాళ్ళు 'పెసరట్టు బ్రహ్మాండంగా వుంది' అంటారు. విశ్వాన్ని పెసరట్టులోకి దించినప్పుడు రాని కోపం, పిచ్చిలో గుడి తీసేస్తే వస్తుందేం?

ఇంగ్లీషు నుంచి తెచ్చినవి వేరే కథ. 'మాస్' చూడండి. ఇంగ్లీషువాడి దగ్గర అది నామవాచకం, గుంపు అని. 'ఈ పాట చాలా మాస్‌గా వుంది' అంటే ఇంగ్లీషువాడు బుర్ర గోక్కుంటాడు. ఎందుకంటే అది వాడి భాష కాదు, మనది. దానికి 'ఊర' చేర్చి 'ఊరమాస్' అన్నారు. ఆ 'ఊర' ఎక్కడిదనుకున్నారు? ఊరపిచ్చుక, ఊరకుక్క, ఊరపంది. అడవిది కాక ఊళ్ళో తిరిగేది అని చెప్పడానికి మన తాతలు వాడిన ముక్క. దాన్ని తీసి పట్నం మాటకి అంటగట్టి, 'మాస్‌లో కల్లా మాస్' అనే అర్థం పిండారంటే, ఆ కుర్రాడెవడో గాని వాడికో వీరతాడు వెయ్యొచ్చు. 'మెగా' సంగతీ అంతే. పోస్టర్లమీద బిరుదుగా వెలిగిన ముక్క, మెగా సేల్ అయి, మెగా జాబ్ మేళా అయి, చివరికి ప్రభుత్వం వారి 'మెగా డీఎస్సీ' దాకా వెళ్ళింది. 16,347 టీచరు పోస్టులకి ముందు ఆ విశేషణం దర్జాగా నిలబడింది. ఆ పరీక్ష రాసి వచ్చిన తెలుగు మాస్టారు మెగాకి సున్నా చుడతారా? 'పాన్ ఇండియా' మాత్రం నాకింకా మింగుడుపడలేదు. వింటే ఆకూవక్కా గుర్తొస్తాయి.

వ్యాకరణం తెలిసినవాళ్ళకి ఎక్కువ చిరాకు తెప్పించేది 'తొక్కలో'. 'తొక్కలో సినిమా', 'తొక్కలో సలహా'. తొక్క లోపల సినిమా ఏమిటి అని వాళ్ళ బాధ. కాని బళ్ళో మనం వల్లించిన విభక్తులు గుర్తు చేసుకోండి. లో, లోపల అనేవి షష్ఠీ విభక్తిలో, 'యొక్క' పక్కనే కూచుంటాయి. 'ఇంట్లో మనుషులు', 'తోటలో పువ్వులు' అనడం లేదూ? 'లో' చేరిన మాట నామవాచకాన్ని విశేషించడం తెలుగులో తప్పేం కాదు. చిన్నయసూరి గారు చదివితే ముక్కు మూసుకుంటారేమో గాని సూత్రం చూపించి కొట్టేయడం కష్టమే. అలాగని ఆ మాట తీసుకెళ్ళి మీ మేనత్త దగ్గర వాడకండి. అది మాటే, మొరటు మాట.

మాస్టారి వైపు నుంచి చెప్పాల్సింది కూడా ఇక్కడే వుంది. ఆయన్ని మరీ విలన్‌ని చేయడం నాకిష్టం లేదు. ఒక మాట మాటేనా అన్నది ఒక ప్రశ్న. ఇక్కడ వాడొచ్చా అన్నది రెండో ప్రశ్న. లుంగీ బట్టే. కాదని ఎవరంటారు? ఇంటర్వ్యూకి కట్టుకుని వెళ్ళం. బ్యాంకులో అప్పు కోసం పెట్టే అర్జీలో 'మా పొలం పిచ్చ సారవంతమైనది' అని రాస్తే అప్పు పుట్టదు. ఎక్కడ ఏది నప్పుతుందో నేర్పడం తెలుగు మాస్టారి బాధ్యత, ఆ పని ఆయన చేయాల్సిందే. కాని సినిమా మీద, గోడపత్రికలో, తోటి కుర్రకారు చదవడానికి రాసిన వ్యాసం బ్యాంకు అర్జీ కాదు. అక్కడ 'సుత్తి కామెడీ' తీసి 'విసుగు పుట్టించు హాస్యము' పెడితే ఆ వాక్యమే సుత్తి అయిపోతుంది. ఆ రెండు ప్రశ్నల్నీ ఒకే సున్నాలో చుట్టేయడం వల్ల, తరగతిలో కూచున్న సగం మంది పిల్లలు తమ ఇంటి భాష భాషే కాదనుకుని నోరు మూసుకుంటారు. నోరు మూసుకున్న పిల్లలు మంచి తెలుగూ నేర్చుకోరు, చెడ్డ తెలుగూ నేర్చుకోరు. ఇంగ్లీషులోకి దూరిపోతారు.

నా సొంత పగ ఒకటుంది, చెప్పనివ్వండి. మాటలు కావని ఎవరూ అనని విశేషణాలే నన్ను ఎక్కువ బాధపెడతాయి. 'నభూతో నభవిష్యతి విజయం'. 'అశేష ప్రేక్షక జనాదరణ'. 'అత్యంత ప్రతిష్ఠాత్మక చిత్రం'. శుక్రవారం రిలీజై సోమవారానికి హాల్లోంచి లేచిపోయిన సినిమాకి కూడా ఆదివారం ప్రకటనలో ఇవన్నీ వుంటాయి. నిఘంటువులో ఒక్కొక్కదానికీ కుర్చీ వుంది. సంధులు సరిగ్గా వున్నాయి, వొత్తులు సరిగ్గా వున్నాయి. కాని నా పరీక్ష పెట్టి చూడండి. వాటిని ఏ సినిమా పక్కన పెట్టినా తప్పనిపించదు. ఏ సినిమాకైనా సరిపోయే విశేషణం ఏ సినిమా గురించీ ఏమీ చెప్పదు. 'అదిరిపోయే', 'దుమ్ము రేపే' అనేవి కూడా ఆ దారినే పోతున్నాయి. మొదట్లో ఎంత చురుగ్గా వుండేవి! టీజరు అదిరింది, ట్రైలరు అదిరింది, పోస్టరు అదిరింది, చివరికి డబ్బులు పెట్టినవాడి గుండె అదిరింది. నన్ను ఎర్రసిరా పట్టుకోమంటే వీటికి చుడతాను సున్నాలు. 'పదములు కావు' అని రాయను, 'ఇక్కడ ఏమీ చెప్పలేదు' అని రాస్తాను.

పిచ్చ కూడా రేపు అలా అరిగిపోవచ్చు. 1956లో 'భలే రాముడు', 1957లో 'భలే అమ్మాయిలు', 1969లో 'భలే రంగడు', 'భలే తమ్ముడు'. భలే అప్పట్లో అంత జోరుగా నడిచింది. వూరికే మెచ్చుకుంటూ వేసే కేకని తీసుకొచ్చి మనిషి ముందు విశేషణంగా నిలబెట్టారు. మధ్యలో కొంచెం వెనకబడినా 2015లో 'భలే భలే మగాడివోయ్'తో మళ్ళీ పోస్టరెక్కింది. పిచ్చకి అంత ఆయుష్షు వుందో లేదో పాతికేళ్ళయ్యాక వుండేవాళ్ళు చెప్పాలి. ఇవాళ్టికి మాత్రం ప్రాణంతో వుంది. కరీంనగర్ అమ్మాయీ, మీ వ్యాసం మొదటి ప్రతి వుంటే అలాగే దాచిపెట్టుకోండి. మూడు మాటలూ మాటలే. మస్తు అయితే మీ మాస్టారి సర్వీసు కన్నా పెద్దది.

ఇక మీ అందరికీ ఒక పని. మీ వూళ్ళో సినిమా బాగోకపోతే హాల్లోంచి బయటికొస్తూ ఏ మాట అంటారో, బాగుంటే ఏమంటారో రాసి పంపండి. వూరిపేరు, జిల్లా తప్పకుండా రాయండి. ఆ మాటని ఎలా వాడకూడదో కూడా ఒక వాక్యం రాయండి, అది ముఖ్యం. శ్రీకాకుళం నుంచీ, అనంతపురం నుంచీ ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. బళ్ళారి, బరంపురం, హోసూరు వైపు తెలుగువాళ్ళు కూడా రాయొచ్చు. మరీ మొరటువి మాత్రం కవరులో పెట్టి పంపండి. కార్డు మీద రాస్తే ఇక్కడికి చేరేలోపు పోస్ట్‌మాన్ నేర్చేసుకుంటున్నాడు.